ఇరవై తగలోగ్ మాటలు, నెస్తోర్ చెవులు

ముందే ఒప్పేసుకుంటాను, నేను కుదురుగా కూర్చోలేని మనిషిని. చిన్నప్పుడు బళ్ళో పంతులమ్మ "ఏమే, నీ కింద ముళ్ళున్నాయా?" అని అడిగేది. అలాంటిదాన్ని పోయి పోయి చెవి పరీక్షలు చేసే పనిలో పడ్డాను. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా కట్టిన గది ముందు ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. అందులో తొమ్మిదేళ్ళు బహ్రెయిన్‌లో.

ఆడియోమెట్రీ చదువుతున్న పిల్లలు ఈ మధ్య ఫోన్లు చేస్తున్నారు. గల్ఫ్‌లో ఏ మెషీన్ వాడతారు మేడమ్, ఏ పరీక్ష రాయాలి మేడమ్ అని. మెషీన్ సంగతి నాలుగు రోజుల్లో పట్టుబడుతుంది. పరీక్షల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నా దగ్గర మీకు పనికొచ్చేది ఒకటే ఉంది, నేను చేసిన తప్పు. అది సరిగా చెప్పాలంటే మధ్యలో ఫిలిప్పీన్స్ వాళ్ళ భాష గురించి కొంచెం చెప్పాలి. ఓపిక పట్టండి. నాకే లేని ఓపిక మిమ్మల్ని పట్టమంటున్నాను, ఏమనుకోకండి.

బేస్‌బాల్ ఎవరికి తెలుసు?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మనామాలో ఒక ప్రైవేటు క్లినిక్కులో చేరాను. పొద్దున ఏడింటికల్లా కంపెనీ బస్సు గుమ్మం ముందు ఆగేది. సల్మాబాద్ వర్క్‌షాపుల నుంచో, సిత్రా పక్కనున్న నువైద్రాత్ నుంచో నలభై మంది దిగేవారు. ఏడాదికోసారి వాళ్ళ కళ్ళూ గుండే చెవులూ చూసి, ఈ మనిషి పనికి పనికొస్తాడనో పనికిరాడనో కాగితం ఇవ్వాలి. చెవులు నా వంతు.

గది లోపల ఇంకో చిన్న గది ఉంటుంది. చప్పుడు చొరబడకుండా గోడలకి మెత్తలు వేసి ఉంటాయి. పరీక్షకి వచ్చినవాడు అందులో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటాడు. నేను బయట మెషీన్ ముందు కూర్చుంటాను. మధ్యలో అద్దం. నేను మీట నొక్కితే అతని చెవిలో సన్నగా 'కూ' అంటుంది. వినపడితే వేలు ఎత్తాలి. ఎంత చిన్న చప్పుడు దాకా వినపడిందో దాన్ని బట్టి చార్టు గీస్తాను. ఆ తర్వాత మైకులో మెల్లగా ఇరవై మాటలు చదువుతాను, అతను తిరిగి చెప్పాలి. చప్పుడు చెవిన పడుతోందా అన్నది మొదటి పరీక్ష. మనిషి మాట తెలుస్తోందా అన్నది రెండోది.

ఆ ఇరవై మాటలూ ఇంగ్లీషువి. బేస్‌బాల్, హాట్‌డాగ్, ఏరోప్లేన్. ఎవరో ఎక్కడో వాళ్ళ ఊరివాళ్ళ కోసం తయారుచేసుకున్నవి.

ఒకరోజు నువైద్రాత్ క్యాంపు నుంచి అప్పలస్వామి అని శ్రీకాకుళం వైపు మనిషి వచ్చాడు. 'బేస్‌బాల్' అన్నాను. నా మొహంలోకి చూశాడు. 'హాట్‌డాగ్' అన్నాను. ఇంకా చూశాడు. ఇరవైకి సున్నా. మా డాక్టరు ఇద్రీస్ 'బాగా చెవుడు' అని రాయబోయాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. గొంతు బాగా తగ్గించి మైకులో "అప్పలస్వామీ, పొద్దున్నే ఏం తిన్నావు?" అన్నాను.

"ఏటి తింతామమ్మా, రేతిరొండిన కూడే గదేటి!"

హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ళు ఎలా అరుస్తారో మీకు తెలుసు. కారిడారంతా వినపడింది. డాక్టరు కలం మూసేశాడు. డాక్టర్ ఇద్రీస్‌ది సూడాన్. మంచి చేతివాసి ఉన్న మనిషి, కానీ రోజుకి నలభై మందిని చూసీ చూసీ విసిగిపోయాడు. నేనేం చెప్పినా ఆయన దగ్గర రెండే జవాబులు, మొదలుపెట్టడానికి యల్లా, ముగించడానికి ఖలాస్. ఆ రోజు మాత్రం "ఎవరి భాషలో వాళ్ళకి మాటల పట్టిక చెయ్యి" అన్నాడు. తెలుగూ హిందీ నేను రాసుకున్నాను. మలయాళం ఫార్మసీలో ఉండే ఆవిడ రాసిచ్చింది. మిగిలింది ఫిలిప్పీన్స్ వాళ్ళ తగలోగ్.

సొరకాయండీ మీరు

ఇంజెక్షన్ గదిలో లీనా అని ఫిలిపినో నర్సు ఉండేది. నన్ను 'ఆతె' అని పిలిచేది. వాళ్ళ భాషలో అక్క అని. కొత్త భాష వినపడితే నాకు నోరు ఊరుకోదు, చేరిన రెండు నెలలకే తగలోగ్ మొదలుపెట్టేశాను. వచ్చిన ప్రతి ఫిలిపినో పనివాడితోనూ 'ఊపొ పొ కయో' అనేదాన్ని. కూర్చోండి అన్నాననుకుని సంబరపడేదాన్ని.

ఒకరోజు లీనా గుమ్మంలో నిలబడి వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆతె, కూర్చోమనడానికి ఉపో అనాలి. చివర్న లాగాలి. ఊపొ అని ముందు లాగితే సొరకాయ."

నెల రోజులుగా వచ్చినవాళ్ళందరినీ నేను 'సొరకాయండీ మీరు' అని పలకరిస్తున్నానన్నమాట! ఒక్కడూ నోరు విప్పలేదు, బుద్ధిగా వెళ్ళి కూర్చునేవారు.

"మరి ఎవరూ చెప్పలేదేం?" అన్నాను ఉడుక్కుంటూ.

"పెద్దవాళ్ళని ఎలా దిద్దుతారు ఆతె? మర్యాద కాదు."

ఈ ముక్క గుర్తుపెట్టుకున్నాను. అతిగా గుర్తుపెట్టుకున్నాను, అదే నా కొంప ముంచింది.

ఆ సాయంత్రం లీనాని కదలనివ్వలేదు. ఇలాంటివి ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని ప్రాణం తీశాను. గాబి అంటే చేమదుంప, గబీ అంటే రాత్రి. ఆసొ అంటే కుక్క, అసో అంటే పొగ. బాస అంటే చదవడం, బసా అంటే తడిసింది. పీతొ అంటే ఈల, పితో అంటే ఏడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండూ ఒకటే. మన లిపిలో అయితే దీర్ఘం ఎక్కడ పెట్టాలో నాకు చక్కగా తెలిసిపోయేది. అయితే కొన్ని మాటల చివర గొంతులో చిన్న నొక్కు ఉంటుంది, అది మాత్రం నాకు చివరిదాకా పట్టుబడలేదు.

నాకు అప్పుడే ఆలోచన తట్టింది. ఈ జంటలతోనే పట్టిక చేస్తే? చెవిన పడితేనే కుక్కో పొగో తెలుస్తుంది, ఊహించి చెప్పడానికి వీల్లేదు. పది జంటలు, ఇరవై మాటలు. లీనా ఒక అట్ట మీద ఇరవై బొమ్మలు గీసింది, కింద నంబర్లు వేసింది. నేను మాట చదివితే పరీక్షకి వచ్చినవాడు బొమ్మ చూపించి నంబరు చెప్పాలి. డాక్టరు చూసి భుజం తట్టాడు. ఆ వారమంతా నా కాలు నేల మీద నిలవలేదు.

నేను కొట్టేసిన తప్పులు

నెస్తోర్ సల్మాబాద్‌లో ఇనుప సామాన్లు చేసే షెడ్డులో గ్రైండింగు చేసేవాడు. నలభై దాటినవాడు, పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. పరీక్షకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. నేను అతన్ని 'కూయా' అనేదాన్ని, అన్నయ్య అని. అద్దం అవతల వెన్ను నిటారుగా పెట్టి, రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తూ కూర్చునేవాడు. అబ్బ, ఎంత శ్రద్ధ అని ముచ్చటపడ్డాను.

మొదటి ఏడాది అతని చార్టు అద్భుతంగా వచ్చింది. "గ్రైండింగు చేసేవాడికి ఇంత మంచి చెవులా, మాషా అల్లా" అన్నాడు డాక్టరు. నిజానికి అక్కడే అనుమానం రావాలి. పొద్దుగూకులూ ఇనుము కోసే చోట పద్నాలుగేళ్ళు ఉన్న మనిషికి సన్నటి శబ్దాలు ముందు పోతాయి, తర్వాత మెల్లగా మిగతావీ పోతాయి. పుస్తకంలో ఉన్నదే. నేను చదివిందే.

తర్వాత మాటలు. ఇరవైలో నాలుగు తప్పు. పొగ అంటే కుక్క చూపించాడు, తడి అంటే పుస్తకం చూపించాడు. ఎర్ర కలంతో నాలుగు ఇంటూలు వేశాను. వేసి, మళ్ళీ ఆలోచించాను. చార్టు చూస్తే బంగారంలా ఉంది. చెవి తప్పు కాదు కదా, మరెవరి తప్పు? నాది. నా దీర్ఘం ఎక్కడో దారి తప్పి ఉంటుంది. సొరకాయ అన్నా నోరెత్తకుండా కూర్చునే జనం, ఇప్పుడు మాత్రం నన్ను దిద్దుతారా? పాపం, నా ఉచ్చారణకి అతనెందుకు నష్టపోవాలి అని ఆ ఇంటూల మీద నీలం కలంతో టిక్కులు పెట్టాను. ఇరవైకి ఇరవై.

లీనా అటుగా పోతూ "నేను చదవనా ఆతె?" అంది. "ఎందుకులే, బయట నలభై మంది ఉన్నారు" అన్నాను.

రెండో ఏడాది ఏడు తప్పులు. మూడో ఏడాది తొమ్మిది. నా తగలోగ్ పెరగాల్సింది పోయి తరుగుతోందే అని నన్ను నేనే వెక్కిరించుకున్నాను. రెండుసార్లూ టిక్కులు పెట్టాను. మూడేళ్ళూ 'పనికొస్తాడు' అని రాశాను.

దీన్ని నేను వినయం అనుకున్నాను. పరాయి భాష, మనకేం తెలుసు, తప్పు మనదే అనుకోవడం పెద్ద గుణం అనుకున్నాను. కాదమ్మా, కాదు. అది ఉత్త బద్ధకం. లీనాని ఒక్క ఐదు నిమిషాలు కూర్చోబెడితే తేలిపోయేదానికి వినయం ముసుగు వేశాను. తప్పు నాదే అనుకుంటే ఇంకేమీ వెతకక్కర్లేదు చూడండి, అక్కడితో పని అయిపోతుంది.

యూసుఫ్ భాయ్ చెప్పిన ముచ్చట

నాలుగో ఏడాది నెస్తోర్ వాళ్ళ కంపెనీ బస్సు మళ్ళీ వచ్చింది. బస్సు నడిపే యూసుఫ్ భాయ్‌ది జగిత్యాల. ఉన్నది బహ్రెయిన్‌లో అయినా 'దుబాయి వచ్చి పదేండ్లాయె' అంటాడు. వచ్చిన ప్రతిసారీ సలాం చెప్పి చాయ్ తాగడానికి పోయే మనిషి, ఆ రోజు నా తలుపు దగ్గర తచ్చాడుతున్నాడు.

"అక్కా, ఒక ముచ్చట చెప్పాలె. కోపం చెయ్యవు గద?"

"తొందరగా చెప్పు భాయ్, జనం ఉన్నారు."

"గా నెస్తోర్ ఉన్నడు సూడు, గాయినకు చెవులు ఇనవడ్తలేవక్కా. మొన్న షెడ్డుల బస్సు ఎన్కకు తీస్తున్న. ఎన్కనే నిలవడ్డడు. హారన్ కొడ్తున్న, కొడ్తున్న, ఉలుకు లేదు పలుకు లేదు. దిగి భుజం మీద చెయ్యేస్తె ఎగిరిపడ్డడు."

"చార్టు బాగుంది భాయ్. మూడేళ్ళ నుంచీ నేనేగా చూస్తున్నది" అన్నాను. నా గొంతులో విసుగు నాకే వినపడింది.

"చార్టు మంచిగుంటె చెవులు మంచిగున్నట్టేనా? ఇగ శనివారం సంది గాయినను క్రేన్ కింద సిగ్నల్ పనికి పెడ్తున్నరు. పైకెల్లి ఇనుప పలకలు దిగుతయి. కింద పదిమంది ఉంటరు. ఆపు అని ఎవలన్న ఒర్రితె ఇనాలె గదక్కా."

అతను వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. డ్రైవరొచ్చి నాకు చెవి పరీక్ష నేర్పుతాడా అని. ఆ కోపంతోనే నెస్తోర్‌ని లోపలికి పిలిచాను. చార్టు మళ్ళీ బంగారం. హమ్మయ్య అనుకుని మాటలు చదివాను. పది తప్పు.

ఎర్ర కలం పక్కన పెట్టి నీలం కలం తీశాను. తీశాను గానీ చెయ్యి ముందుకి రాలేదు. కింద పదిమంది ఉంటరు అన్న మాట చెవిలో గింగురుమంటోంది. కుర్చీ తోసేసి పోయి, నా ఉచ్చారణ అనుమానం చెప్పి, లీనాని లాక్కొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను. బతాంగస్ మనిషి, తగలోగ్ పుట్టిన చోట పుట్టింది. ఆమె చదివింది.

మళ్ళీ పది తప్పు. అది కూడా వేరే పది.

లీనా నాకేసి తిరిగింది. "నాది కూడా తప్పు ఉచ్చారణేనంటారా ఆతె?"

రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒక్కో మాటకి అతను చూపించే బొమ్మలు రెండే. కుక్క అంటే కుక్కో పొగో చూపిస్తున్నాడు, చేమదుంప ఎప్పుడూ చూపించడం లేదు. అంటే ఏ జంటో అతనికి తెలుస్తోంది, జంటలో ఏదో తెలియడం లేదు. బొమ్మా బొరుసూ వేసి చెబుతున్నాడు, సగం తగులుతున్నాయి. ఆ జంటలు పెదాల మీద చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. మా పెదాలు అతనికి కనపడుతున్నాయి, మా గొంతు వినపడటం లేదు.

మరి చార్టు? 'కూ' అనే చప్పుడుకి పెదాలు లేవే?

లోపలికి వెళ్ళాను. "కూయా, ఒకసారి లేవండి." కుర్చీని గోడ వైపు తిప్పాను. అతను కుర్చీకేసి చూశాడు, నాకేసి చూశాడు, వెళ్ళి కూర్చున్నాడు. నేను బయటికొచ్చి మీట నొక్కాను. చిన్న చప్పుడు. వేలు లేవలేదు. పెంచాను. మామూలు మాటంత. లేవలేదు. ఇంకా పెంచాను. పక్క గదిలోంచి ఎవరైనా అరిస్తే వినపడేటంత. అతని చెయ్యి మోకాలి మీద అలాగే ఉంది. నాకు కనపడేదల్లా శుభ్రంగా దువ్వుకున్న జుట్టూ, చెమట పట్టిన మెడా. తను ఓడిపోతున్నాడని అతనికి తెలుసు. అయినా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

లోపలికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "ఎలా?" అన్నాను.

సగం ఇంగ్లీషులో, సగం తగలోగ్‌లో చెప్పాడు. "మీరు మీట నొక్కినప్పుడల్లా మీ భుజం లేస్తుంది మేడమ్. కాలు కూడా ఆడుతుంది."

"ఎప్పటి నుంచి చూస్తున్నావు?"

"మొదటి నుంచీ. మా రూములో అందరికీ తెలుసు." నా మొహం చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరు కావాలని చేస్తున్నారనుకున్నాం. మా మీద దయతో సైగ చేస్తున్నారని."

చెప్పుతో కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

"శనివారం నుంచి క్రేన్ పని మేడమ్" అన్నాడు. "గ్రైండింగు నుంచి బయటపడతాను. సిగ్నల్ అంతా చేతులతోనే కదా, చెవులతో పనేముంది? ఈ ఒక్క ఏడూ రాసేయండి."

"వెనక నుంచి ఎవరైనా అరిస్తే?"

అది నా పెదాల మీద చదివాడు. హెడ్‌ఫోన్ తీసి మేకుకి తగిలించాడు.

డాక్టరు సంతకం

'పనికిరాడు' అని రాశాను. కింద ఇంకో ముక్క రాశాను, గత మూడేళ్ళ పరీక్షలు నమ్మదగినవి కావు, పరీక్ష చేసిన మనిషి పొరపాటు అని. డాక్టర్ ఇద్రీస్ మొదటి ముక్కకి తలూపాడు, రెండోదాని మీద అడ్డంగా గీత గీశాడు.

"ఖలాస్. ఈ ఏటిది సరిగా రాశావు, చాలు. పాతవి ఎందుకు తవ్వుతావు?"

"పాతవి అలాగే ఉంటే, నిన్నటిదాకా బాగున్నవాడు ఇవాళ నటిస్తున్నాడంటారు డాక్టర్."

"అననీ."

"ఎలా అననిస్తాను? మూడేళ్ళు ఆ చప్పుడులో నిలబెట్టింది నా సంతకమే కదా!"

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పడేశాడు. "ఈ కాగితం వెళ్తే వాళ్ళ బస్సు మళ్ళీ మన గుమ్మం ముందు ఆగదు, సత్యా. నీకు తెలుసా?"

"ఆగకపోతే మానె" అన్నాను.

గదిలో అటూ ఇటూ తిరుగుతూ, కొత్త కాగితం తీసి మళ్ళీ అదే రాశాను. ఆయన మళ్ళీ కొట్టేశాడు. మూడోది రాశాను. "నువ్వు కూర్చోవు, నన్ను కూర్చోనివ్వవు" అని గొణిగి సంతకం పెట్టాడు. ఆయన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఆ సంతకం కోసం అన్నీ వదిలేశాను. ఆయన భయపడ్డాడు, భయపడుతూనే పెట్టాడు. భయపడి పెట్టనివాళ్ళ దగ్గర కూడా తర్వాత పనిచేశాను.

బస్సు నిజంగానే ఆగడం మానేసింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి మనిషినీ కుర్చీ పక్కకి తిప్పి పరీక్ష చేశాను, మాటలు చదివేటప్పుడు నోటికి అట్ట అడ్డం పెట్టుకున్నాను. మిగతా కంపెనీల పాత మనుషుల్ని వెనక్కి పిలిపించాను. ఇంకా కొందరు బయటపడ్డారు. ఎవరి మొహమూ చూడలేకపోయాను.

చాలా నెలల తర్వాత ముహర్రక్ బజారులో యూసుఫ్ భాయ్ కనపడ్డాడు. "క్రేన్ కాడికి పోనియ్యలేదక్కా. కొన్నొద్దులు స్టోర్ల పెట్టిన్రు. ఎండకాలం రాకముందె ఇంటికి పంపిన్రు" అన్నాడు. మంచే చేశావనలేదు, చెడు చేశావనలేదు. మామిడికాయలు ఎంచుకుంటున్నాడు.

పిల్లలూ, ఈ పనిలో మీకు నేను చెప్పేవి ఇంతే. రోగి మీకు కనపడాలి, మీరు రోగికి కనపడకూడదు. వేసిన మార్కు మీద ఇంకో మార్కు వెయ్యకండి. చార్టు ఒకటి చెప్పి మాటలు ఇంకొకటి చెబితే, మీకు నచ్చినదాన్ని కాకుండా నచ్చనిదాన్ని ముందు నమ్మండి. బస్సు డ్రైవరు ఏదైనా చెప్పడానికొస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

చెప్పకుండా దాటేసింది

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. రెండుసార్లు ముగించాను కూడా. కానీ ఆ రోజు జరిగిందంతా చెప్పలేదు. డాక్టరు సంతకం పెట్టాక కాగితం నెస్తోర్‌కి ఇవ్వాల్సింది నేనే. అతను మెషీన్ గదిలో నా బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కాగితం చదువుకున్నాడు. 'పరీక్ష చేసిన మనిషి పొరపాటు' అన్న చోట వేలు పెట్టి నాకేసి చూశాడు.

సొరుగు లాగి మూడేళ్ళ మాటల పట్టికలూ తీసి అతని ముందు పరిచాను. నాలుగు, ఏడు, తొమ్మిది. ఆ నీలం టిక్కుల కింద ఎర్ర ఇంటూలు ఇంకా కనపడుతూనే ఉన్నాయి. ఇవి నువ్వు సరిగా చెప్పలేదు, నేనే సరిచేశాను అని వేలుతో చూపించాను. అతను తల వంచి ఒక్కొక్కటే చూస్తున్నాడు. మొదటి పట్టిక మీద చాలాసేపు ఆగాడు.

అప్పుడు చెప్పాను. బల్లకేసి చూస్తూ, ఒక్క గుక్కలో చెప్పాను. "మొదటి ఏడే నేను పట్టుకుని ఉంటే నిన్ను గ్రైండింగు నుంచి తప్పించేవాళ్ళు కూయా. నీ చెవులు ఈపాటికి చాలావరకు మిగిలి ఉండేవి."

అతను కదల్లేదు. పట్టిక మీద నాలుగు టిక్కులూ లెక్కపెడుతూనే ఉన్నాడు. ఎంత గుండె నిబ్బరం అనుకున్నాను. అప్పుడు అర్థమైంది, అతను తల వంచుకుని ఉన్నాడు, నా మాట అతనికి చేరనే లేదు.

నిజం చెబుతాను, నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పాల్సింది నేను చెప్పేశాను. వినకపోతే నేనేం చెయ్యను? బయట జనం గొడవగా ఉంది. లేచి తలుపు తీసి తర్వాతివాణ్ణి పిలిస్తే సరిపోతుంది. లేచాను. తలుపు దాకా నడిచాను. గొళ్ళెం మీద చెయ్యి కూడా వేశాను.

వెనక్కి వచ్చి కూర్చున్నాను. అతని చేతి మీద చెయ్యి వేశాను. తల ఎత్తాడు. నా మొహం మీద వెలుతురు పడేలా జరిగి, ఒక్కో మాటా విడివిడిగా, పెదాలు బాగా కదిలిస్తూ మళ్ళీ చెప్పాను. ఈసారి చివరిదాకా చూశాడు.

"మొదటి ఏడేనా?" అన్నాడు.

"మొదటి ఏడే."

మొదటి పట్టికని మళ్ళీ తన దగ్గరికి లాక్కున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. కదలకుండా, అతని పెదాలకేసే చూస్తూ కూర్చున్నాను.